అందని ఇటుకకు వంగిన చేయి

2022 ఎండాకాలం. చంద్రపూర్ లాల్‌పేట్‌లో ఒక మేడ ఇల్లు కడుతున్నాం. మే నెలలో మా ఊరి ఎండ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లు రావద్దని మనవి. ఆరో తరగతిలో బడి మానేసి, అప్పటినుంచి గోడలు కడుతున్న మేస్త్రీని నేను. గోడలు ఎదిగాయి, నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను.

ఆ రోజు స్కాఫోల్డింగ్ మీద, అంటే గోడ పక్కన బొంగులతో కట్టిన మంచె మీద నిలబడ్డాను. కింద పోశం మామ. గనిలో పని పోయాక మాతో చేరాడు, వరసకే మామ. ఆయన ఇటుక పైకి విసరాలి, నేను పట్టాలి.

ఇందులో ఒకటే కిటుకు. పైకి పోయే ఇటుక పోనుపోను నెమ్మదించి, కిందికి తిరిగేముందు ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు పడితే పువ్వులా ఉంటుంది. ముందే పడితే వేళ్లు చితుకుతాయి. తప్పిపోతే, ఎంత జోరుగా పోయిందో అంత జోరుగా విసిరినవాడి దగ్గరికే వస్తుంది. ఇంజనీర్ సాబ్ దీన్ని గ్రావిటీ అంటాడు. ఆయనకు అది పుస్తకంలో పరిచయం, మాకు అరచేతిలో. విసిరేవాడు పైకి చూస్తూ ఉండడు. ‘టప్’ మని పట్టిన చప్పుడు వినిపిస్తే చాలు, అప్పటికే తరువాతి ఇటుకకు వంగి ఉంటాడు.

పొద్దున పది గంటలు దాటాక ఇటుకలు జానెడు కిందే ఆగసాగాయి. మామ భుజం అలిసింది. చెప్తే చిన్నబుచ్చుకుంటాడని నేనే వంగి పట్టాను. మధ్యలో ఒకసారి తలెత్తి చూశాడు.

“ఏందిరా అల్లుడా, గన్ని దండాలు పెడ్తున్నవ్?”

“దేవునివి గద మామా. వరం గిట్ల ఇస్తవేమోనని.”

“వరం లేదు గిరం లేదు. ఇట్క పట్టు.”

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే చెప్పేసి ఉంటే సరిపోయేది.

మధ్యాహ్నానికి జానెడు కాస్తా మూరెడైంది. ఒక చేత్తో బొంగు పట్టుకుని దాదాపు వేలాడుతున్నాను. ఒక ఇటుక నా వేళ్ల కొసలకు తగిలి వెనక్కి మళ్లింది. “మామా!” అని అరిచేసరికే ఆయన అలవాటుగా తరువాతి ఇటుకకు వంగి ఉన్నాడు. భుజం మీద పడింది.

మెడ దగ్గరి ఎముక విరిగింది. అతుకుతుంది గానీ, ఇక చేయెత్తి బరువు విసరడం కుదరదన్నాడు డాక్టర్. గని పోయాక మామకు మిగిలిన పని అదొక్కటే.

“నెత్తిమీద పడుంటే ఇట్కనే పలిగేది మామా,” అన్నాను ఆస్పత్రి మంచం పక్కన నిలబడి. ఆయన నవ్వలేదు.

“పొద్దటి సంది మంచిగనే అందినయ్ గదరా. గదొక్కటే ఎట్ల తప్పింది?”

“మంచిగ అందలే మామా. నేనే వంగిన.”

“ఎప్పటి సంది?”

“పది గంటల సంది.”

కట్టు కట్టిన భుజాన్ని రెండో చేత్తో తడుముకున్నాడు.

“టప్ టప్ మని ఇనపడుతుంటే, నా భుజం ఇంకా గట్టిగనే ఉందనుకున్న. అందుతలేదంటే కూసునేటోన్ని గదరా. ఒక చాయ్ తాగేటోన్ని.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకైతే నా దగ్గర జవాబులుంటాయి.

ఆయన బలం ఎంత మిగిలిందో చెప్పేది నా చేయొక్కటే. ఆ చేతితోనే, మంచితనం అనుకుని, పూటంతా అబద్ధం చెప్పాను.

ఇప్పుడు కింద ఎవరున్నా నేను వంగను. ఇటుక జానెడు తక్కువైతే, “జరుగు, అందుతలే!” అని అరిచి వదిలేస్తాను. ఇటుక పగులుతుంది. కిందివాడు నన్ను తిట్టుకుంటూ పోయి నీడలో కూర్చుంటాడు. కూర్చోనీ.