నమ్మకం అమ్మది, మెడ నాది

నన్ను మొట్టమొదట నాస్తికురాలన్నది మా అత్తగారు. పెళ్లైన కొత్తలో, ఒక శనివారం పూట ఉల్లిపాయ పకోడీలు వేసినందుకు. వాళ్లది గోదావరి వైపు. అంత మాటనూ ఆవిడ మర్యాదగానే అన్నారు. "పోనీలే, నాస్తికురాలు, దానికి పట్టింపుల్లేవు. నాకో నాలుగు తీసిపెట్టమ్మా, రేపు తింటాను."

తర్వాత అన్నది కాప్రాలో మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లాట్ ఆవిడ. సాయంత్రంలోగా పదకొండు మందికి పంపమని పెట్టిన దేవుడి మెసేజీని నేను ఒక్కరికీ పంపలేదని తెలిసి, వారం రోజులు లిఫ్టులో గోడ వైపు తిరిగి నిలబడింది. ఇన్నేళ్లలో "దేవుడు ఉన్నాడంటావా, లేడంటావా?" అని నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగితే లేడనే చెప్పేదాన్ని. ఆ సంగతి వాళ్లకు అక్కర్లేదు. వాళ్ల లెక్క అంతా పకోడీల దగ్గరా మెసేజీల దగ్గరా తేలిపోతుంది.

అందరికన్నా గట్టిగా అన్నది మా మేనత్త, నాన్నకు అక్క. బన్సీలాల్‌పేట్‌లో అమ్మ ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది. ఆమె ఎదురుగా ఉంటే పూజారి కూడా మంత్రాలు మింగకుండా చదువుతాడు. నేను గుడికి వెళ్లి దండం పెట్టకుండా ప్రసాదం మాత్రం తిన్న ప్రతిసారీ ఆమె నన్ను చూసే చూపుకు పులిహోర గొంతులో అడ్డం పడేది.

ఈ ఏడు ఆషాఢానికి ముందు అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. నడక అంటే మంచం నుంచి బాత్‌రూమ్ దాకానే. నాకు మూడేళ్లప్పుడు జ్వరం వస్తే, అది తగ్గితే ప్రాణం ఉన్నన్నాళ్లూ ఏటా అన్నం కుండ నెత్తిన పెట్టుకుని గుడిదాకా నడిచి బోనం ఎత్తుతానని అమ్మ మొక్కుకుంది. జ్వరం తగ్గింది. తగ్గించిన డాక్టరుకు ఇంతవరకూ ఒక్క కుండా పోలేదు గానీ, అమ్మవారికి మాత్రం నలభై ఏళ్లకు పైగా ఒక్క ఏడూ తప్పలేదు. ఇప్పుడు తప్పేలా ఉంది. అమ్మకు నేనొక్కదాన్నే.

"నువ్వు ఎత్తాలె బిడ్డా," అంది అమ్మ.

"నాకు నమ్మకం లేదు కదమ్మా."

"నమ్మకం నాది. మెడ నీది. నీకేం తక్లీఫ్?"

పక్కనే కూర్చున్న మేనత్త అగ్గి మీద గుగ్గిలమైంది. "నమ్మకం లేని తల మీద బోనం నిలవడదే! పడ్డదంటే ఇంటికే అరిష్టం. ఊరంతా ఏమంటది?"

"అయితే నువ్వే ఎత్తు అత్తమ్మా. నీకు మా అందరి కన్నా భక్తి ఎక్కువ కదా," అన్నాను.

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి, లేచి నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. నోరు మూయించానని నేను మురిసిపోయాను.

ఒప్పుకున్నాను గానీ నాకు భయం పట్టుకుంది. అమ్మవారి భయం కాదు. కుండ పడితే నాకేమీ కాదు, అమ్మకు అవుతుంది. ఆ తర్వాత నాకు తలనొప్పి వచ్చినా, నా స్కూటర్ పంక్చరైనా, ఆ కుండ వల్లనే అనుకుని మిగిలిన జీవితమంతా లోలోపల కుమిలిపోతుంది. ఆమెకు అంత శిక్ష నా మెడ వేయకూడదు.

నమ్మకం ఉన్నవాళ్లకు ఒక సదుపాయం ఉంది, భారం పైవాడి మీద వేసేయొచ్చు. నాకు ఆ వసతి లేదు కాబట్టి ప్రాక్టీస్ మొదలుపెట్టాను. తువ్వాలును చుట్టగా చుట్టి నెత్తిన పెట్టి, దాని మీద స్టీలు బిందె, బిందెలో సగానికి నీళ్లు. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి. మొదటి రోజు సోఫా దగ్గర బిందె బోర్లా పడింది. ఆఫీసు మీటింగులో ఉన్న మా ఆయన లాప్‌టాప్‌తో సహా కాళ్లు పైకెత్తి, మాట్లాడుతున్న ముక్క ఆపకుండా పూర్తి చేశాడు. నాలుగో రోజు ఊరి నుంచి దిగిన అత్తగారు నన్ను చూసి, "ఏంటమ్మా, ఇక్కడ నీళ్లు రావట్లేదా?" అని కంగారుపడ్డారు. తొమ్మిదో రోజుకు బిందె నిండుగా పెట్టుకుని, వంగి చెప్పులు సర్దగలిగే స్థాయికి చేరాను.

బోనాల ఆదివారం తెల్లవారుజామున తలస్నానం, పట్టుచీర, కాళ్లకు పసుపు. బోనం అన్నం తప్ప ఆ ఉదయం ఇంట్లో ఇంకేమీ వండలేదు. మిగతా వంటంతా మేం తిరిగి వచ్చాకే. అమ్మ మంచం మీద కూర్చునే కుండకు పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించింది. నేను మంచం పక్కన వంగితే కుండను నా నెత్తికెత్తింది. "పైలం బిడ్డా" అని మాత్రం అంది.

మేనత్త నాతో వచ్చింది. వచ్చింది అనడం చిన్నమాట. కుడి చేయి భుజం ఎత్తున లేపి పెట్టుకుని, దొంగను తీసుకెళ్తున్న కానిస్టేబుల్‌లా నా పక్కనే నడిచింది. డప్పుల మోత, సన్నటి జల్లు, అడుగుకో నాయకుడి ఫ్లెక్సీ. ఆ నాయకులందరూ అమ్మవారి కన్నా పెద్దగా ఉన్నారు. లైన్ కదలదు, మెడ తిప్పకూడదు. "చెయ్యి దించు అత్తమ్మా, నేను చూసుకుంటాలే," అని విసుక్కున్నాను. దించలేదు.

గుడి మలుపు దగ్గర ఎవరో కొట్టి పడేసిన కొబ్బరిచిప్ప నా పాదం కింద జారింది. కుండ మేనత్త వైపుకు ఒరిగింది. దీపం కళ్ల ముందుకు వచ్చినంత పనైంది. నా మోకాళ్లు వాటంతటవే వంగాయి. మరుక్షణం కుండ నిలబడిపోయింది. దీపం కూడా ఆరలేదు.

"చూసిన్రా, అమ్మ ఎట్ల నిలవెట్టుకున్నదో!" అని మేనత్త లైనంతటికీ వినబడేలా అరిచింది. నలుగురు ఆడవాళ్లు నా కాళ్లకు మొక్కారు. నేను లోపల నవ్వుకున్నాను. అమ్మ కాదు తల్లీ, స్టీలు బిందె.

బోనం అప్పజెప్పి ఇంటికి రాగానే అమ్మకు చెప్పకుండా ఆగలేకపోయాను. మంచం పక్కన కూర్చుని, తొమ్మిది రోజుల సాధన సంగతీ, కొబ్బరిచిప్ప సంగతీ గొప్పగా చెప్పాను. అమ్మ పడీపడీ నవ్వింది.

"నేను సుత చేసేదాన్ని. యేటా. మీరు లేవకముందే బిందె వెట్టుకొని వెనకింటి దాకా నడిచేదాన్ని."

"నువ్వా? నీకు నమ్మకం ఉంది కదా!"

"అమ్మ మీద ఉంది. నా మెడ మీద లేకుండె." తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ అత్తమ్మ బోనం పడ్డది మతిల వెట్టుకొని చేసేదాన్ని. గప్పుడు నువ్వు పుట్టనే లేదు. గుడి ముందటనే పడ్డది. దానికి నమ్మకం లేదు, గందుకే అమ్మ నూకేసింది అన్నరు. ఎన్నేండ్లో ఎవ్వలూ దాని చేతి పసుపుబొట్టు తీస్కోలే. మళ్ల అది బోనం ఎత్తలే."

ఇంటిల్లిపాదిలో ఎక్కువ పూజలు చేసే మనిషిని అంత మాటన్నారా! ఇన్నేళ్లు నేను భక్తి అనుకున్నది సగం సంజాయిషీ. "నువ్వే ఎత్తు" అని ఆ రోజు నేను విసిరిన మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

వంటింట్లోకి వెళ్లాను. మేనత్త కుళాయి కింద కుడి చేయి పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి గబుక్కున కొంగు కప్పింది. లాగి చూశాను. అరచేయంతా కుండ పసుపు. మణికట్టు మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

"ఏంది అత్తమ్మా ఇది?"

"గారెల నూనె చిందింది."

పొయ్యి మీద మూకుడు కూడా పెట్టలేదు. కాలినదానికి రాసే మందు వెతికి తెచ్చి, ఆమె చేయి నా ఒళ్లో పెట్టుకుని రాశాను. ఏడుపు వచ్చేలా ఉండి, అలవాటు కొద్దీ వెక్కిరింతలోకి దిగాను.

"అంత భక్తురాలివి, నువ్వెందుకు పట్టుకున్నవ్? అమ్మ పట్టుకుంటదేమో జెరసేపు చూడకపోయినవా?"

మేనత్త బొబ్బ మీద ఉఫ్ అని ఊదుకుంది.

"ఒకసారి చూసిన గదనే," అంది.