మోతీబాయి దమ్ము

మోతీబాయి మా తండా మనిషి. మానుకోట మిర్చి యార్డులో పన్నెండేళ్లు తొడిమలు తీసింది. ఊపిరాడకపోవడాన్ని మా దగ్గర దమ్ము అంటారు. డాక్టరు "ఆయాసం ఉందా?" అని అడిగితే ఆ మాట తెలియక, "దమ్మున్నది సారూ" అంది.

ఆయనకు తెలిసిన దమ్ము ధైర్యం ఒక్కటే. "దమ్ముంటే ఇంకేం, ఉద్యమానికి వెళ్లు" అని నవ్వాడు. తెమడలో ఏమీ దొరకకపోయినా దగ్గు చూసి క్షయ మాత్రలు రాశాడు.

ఆ రోజే కోడలు సంగీత ఆమె పళ్లెం గడప బయట పెట్టింది. ఆరు నెలలు మాత్రలు మింగినా దమ్ము తగ్గలేదు.

2011లో సకల జనుల సమ్మె ముగిసి బస్సులు తిరిగాక, ఊపిరిని కొలిచే యంత్రం గురించి పేపర్లో చదివి ఆమెను వరంగల్ తీసుకుపోయాను. యంత్రం దగ్గరున్న కౌసల్యది జనగామ.

"దమ్మెప్పుడొస్తది అవ్వా?"

"మిర్చి ముట్టుకుంటే వస్తది బిడ్డా. ఇంట్ల ఉంటే జర నయం."

"అయితే ఊదు. గింత మెల్లగ ఊదితే తెలంగాణ గీ జన్మల రాదు!"

మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించింది. ఈసారి యంత్రం తెర మీద గీత బాగా పైకి లేచింది. క్షయ కాదని, ఉబ్బసమని, మిర్చి దుమ్ము పడదని అక్కడి డాక్టరు రాసిచ్చాడు. మా మాటే వినని మొదటి డాక్టరు, గొట్టం పెట్టి ఆమె రొమ్ములో ఏం విన్నాడో!

మోతీబాయి కాగితం కొంగున ముడేసుకుంది. "నువ్వే చదువు సురేందర్. నేను చెప్తే సంగీత నమ్మది."

ఇంటికొచ్చి చదివాను. సంగీత పళ్లెం లోపలికి తెచ్చి అన్నం పెట్టింది. మోతీబాయి దాన్ని తీసుకుని, అలవాటుగా గడప బయటే కూర్చుంది.