సముద్రం దాటని నీలి గుడ్లు

మోర్ధానా డ్యాం నీళ్ళ మీద తెల్లవారకముందు ఒక రంగు ఉంటుంది. పూర్తిగా నీలమూ కాదు, బూడిదా కాదు. మలేసియాలో మేస్త్రీ పని చేస్తున్న మా బావ ఫోనులో చూపించిన కోడిగుడ్లు సరిగ్గా ఆ రంగులో ఉన్నాయి. ఆయన గోడలు కడుతున్న ఇంటివాళ్ళు పెంచే కోళ్ళవట. ఆ పెంకు లోపల వెలుతురు ఎలా ఉంటుందో అనుకుంటూ కూర రెండుసార్లు మాడబెట్టాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నవాళ్ళకు తగిన జవాబు చెప్పి పంపాను.

గుడియాత్తంలో మా ఇంట్లో కోడిపెట్ట పొదగడానికి కూర్చుని ఉంది. నీలి గుడ్ల కోసం దాని గుడ్లు తీసేసి, నున్నటి తెల్లరాయి ఒకటి పెట్టి మోసం చేస్తున్నాను. ఎక్కువ రోజులు మోసపోదు. లేచిపోయిందంటే మళ్ళీ ఎప్పటికి కూర్చుంటుందో. బావ సెలవుకు వస్తున్నాడని తెలిసి ఫోను చేశాను.

"వచ్చేటప్పుడు ఆరు గుడ్లు తవుట్లో పెట్టుకోని రా బావా. ఒక బొగ్గుముక్క, ఒక ఇనప మేకు వెయ్యి. ఏరు దాటే గుడ్డుకు అవి లేకుంటే పిల్ల కాదని అవ్వ చెప్పేది గదా."

"ఏరేంది మరదలా, సముద్రం దాటాల."

"అయితే పెద్ద మేకు వెయ్యి."

ఆయన వచ్చే రోజు గంప పట్టుకుని కాట్పాడి స్టేషనుకు వెళ్ళాను.

"నాకోసం వచ్చినావా, గుడ్లకోసమా?" అన్నాడు రైలు దిగుతూనే.

"నీ మొగం చూసేదానికి గంపెందుకప్పా? గుడ్లు యాడ?"

ప్లాస్టిక్ డబ్బా తెరిచి చూపించాడు. బొగ్గుముక్క, మేకు ఉన్నాయి. గుడ్లు లేవు, తవుడూ లేదు.

"చెన్నైలో విమానం దిగినాక సంచి మిషన్లో పెడితే మేకు కనపడింది. డబ్బా తెరవమన్నారు, గుడ్లూ తవుడూ తీసేసుకున్నారు, అంతే. చిన్న మేకు వేసుంటే తప్పించుకోనుందునేమో."

"నువ్వు రెండు మాటలు గట్టిగా అడగలేదా?"

"నువ్వుంటే అడిగుందువులే. ఈ పొద్దుకి గుడ్లతో పాటు నిన్ను గూడా ఆడే పెట్టుకోనుందురు."

బస్సెక్కగానే ఫోనులో, బయటి దేశం నుంచి గుడ్లు తెచ్చే నిబంధనలు తీశాను. ఎక్కడో ఒక లొసుగు దొరక్కపోదు, ఆ విమానాశ్రయం అధికారులకు పెద్ద ఉత్తరం రాయాలని నా ఉద్దేశం. పొదిగించే గుడ్లయితే ముందే అనుమతి తీసుకోవాలి. కోళ్ళకు తెగులు లేదని ఆ దేశపు పశువైద్యుడు రాసివ్వాలి. కొత్త పెట్టెల్లోనే సర్దాలి. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. చదివేకొద్దీ ఆ మాటలు ఎవరో తెలిసిన గొంతుతో వినిపిస్తున్నాయి.

అది మా అవ్వ గొంతు. పేర్ణాంబట్టు నుంచి ఎవరైనా గుడ్లు తెస్తే గడప బయటే ఆపేది. "మీ వీధిలో కోళ్ళు తూగుతా ఉండాయా? మీ గంప మీరే తీసకపోండి, మా గంపలోకి మార్చండి" అనేది. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి ఆమెతో వాదించి గెలిచాను. పెద్దమ్మ ఇంటి గుడ్లు, వాళ్ళ గంపతోనే, మా పెరట్లోకి తెచ్చుకున్నాను. పది రోజుల్లో మా కోళ్ళన్నీ తూగి తూగి పడిపోయాయి. ఆ తర్వాతి ఉదయాల నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. కోడి కూయక, ఆ రోజుల్లో తెల్లవారిందో లేదో కూడా తెలిసేది కాదు.

ఫోను సంచిలో పెట్టేశాను. జీవితంలో నేను రాయకుండా వదిలేసిన ఉత్తరం అదొక్కటే.

ఇంటికి వచ్చేసరికి పెట్ట సగం లేచి, రాయిని ముక్కుతో పక్కకు తోస్తోంది. బావ చొక్కా అయినా మార్చుకోకుండా బండి తీసి మోర్ధానా వైపు వెళ్ళి, ఆరు నాటుగుడ్లతో వచ్చాడు. నేను గడపలోనే అడ్డంగా నిలబడ్డాను.

"వాళ్ళ కోళ్ళు బాగుండాయా?"

"బాగుండాయమ్మా, ఆఫీసరమ్మా! నా కండ్లతో చూసినా. గంప గూడా మనదే. ఏరు దాటినా గదా, మేకూ ఉండాది."

సముద్రం దాటిన ఆ పెద్ద మేకే. పెట్ట గుడ్లను ఒక్కొక్కటిగా కిందికి లాక్కుని, రెక్కలు సర్దుకుని, కళ్ళు మూసుకుంది.

పద్దెనిమిదో రోజు తెల్లవారుజామున గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో గుడ్లు వదిలాను. లోపల పిల్ల ఉంటే గుడ్డు కదులుతుంది. చాలాసేపు ఏదీ కదల్లేదు. ఇంకా వెలుతురు రాలేదు, ఆ మసకలో పెంకులన్నీ నీలంగానే ఉన్నాయి. అప్పుడు ఒకటి, ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు, మెల్లగా పక్కకు తిరిగింది.