అమ్మడానికి పెట్టిన కాపురం

దయ్యాలను నమ్మే మనిషి షామియానా వ్యాపారం చేయలేడు. నంద్యాలలో ఇరవై ఏళ్ళు నేను చేసింది అదే. పొద్దున పెళ్ళి పందిట్లో వేసిన కుర్చీలే మర్నాడు దినాలకు వేస్తాం. శవం పక్కన పరిచిన జంపఖానా ఉతికి ఆరేసి నామకరణానికి పంపుతాం. అనుమానాలు పెట్టుకుంటే నాకు పూట గడవదు. అందుకే నా ముందు ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే బీడీ వంకతో లేచి పోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది. నేను చూసింది ఏదో, ఇతరులు చెప్పగా విన్నది ఏదో కలిపేయకుండా చెప్తాను.

సెల్‌ఫోన్లు మా చేతుల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా అక్కను ఆళ్లగడ్డలో ఇచ్చాం. బావకు విత్తనాల అంగడి ఉండేది. పిల్లలు లేరు. ఇద్దరికి ఎనిమిది గదుల మిద్దె ఎందుకని అందరూ ఎగతాళి చేసినా వినకుండా, నాపరాళ్ళు ఒక్కొక్కటీ దగ్గర నిలబడి పరిపించుకున్నాడు. ఒకరోజు అంగట్లోనే పక్షవాతం వచ్చి కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. అంగట్లో నుంచి నేరుగా నంద్యాల ఆస్పత్రికి తెచ్చాం, అక్కడి నుంచి మా ఇంటికి. మళ్ళీ ఆళ్లగడ్డ పోయింది లేదు.

మేముండేది మేడ మీద. ఆస్పత్రికి పోయిన ప్రతిసారీ బావను కుర్చీలో కూర్చోబెట్టి నేనూ అక్కా మెట్లు దించాలి, మళ్ళీ ఎక్కించాలి. ఒకసారి నా పట్టు తప్పి ఆయన తలకు దెబ్బ తగిలింది. ఆ రోజు అక్క చాలాసేపు ఏడ్చి, ఆళ్లగడ్డ ఇల్లు అమ్మేద్దామంది. అది అమ్ముడుపోతే ఆస్పత్రి దగ్గర మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకుని, మొగుణ్ణి తన చేతుల మీదుగా చూసుకోవాలని ఆమె ఆశ. బావను కూడా అడిగాం. ఆయన కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. సరేనన్నట్టే అనుకున్నాం.

సామాను తీసేసి అమ్మకానికి పెట్టి ఏడాది గడిచినా ఇల్లు పోలేదు. తలుపు తీయగానే గబ్బిలాల కంపు. ఒక మాట మాట్లాడితే ఎనిమిది గదులూ తిరిగి వినిపించేది. ఇంత ఇల్లు ఎందుకు ఖాళీగా పడుందని వచ్చినవాళ్ళు ఇరుగుపొరుగును అడిగేవాళ్ళు. పక్షవాతం మాట చెవిన పడగానే జారుకునేవాళ్ళు.

చివరికి బ్రోకర్ మస్తానన్న నా షాపుకొచ్చాడు. "ఖాళీ ఇల్లు ఎవురూ కొనరప్పా. నీ షాపులో లేని సామానుందా? కాపురం ఉన్నట్టు పెట్టు. వచ్చినోనికి ఈడ సుకంగా బతుకుతాండారు అనిపియ్యాల" అన్నాడు.

నాకూ సబబే అనిపించింది. నలుగురు కూలీలను పెట్టి ఇల్లు కడిగించి, సున్నం కొట్టించి, ఒక లారీ సామాను దించాను. మంచాలు, పరుపులు, కిటికీలకు కర్టెన్లు, ఆఖరికి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర సోఫా కూడా. గిన్నెల మీద రంగుతో రాసిన మా షాపు పేరు కనపడకుండా గోడవైపు తిప్పి పెట్టాను. ముందున్న పడసాలలో సోఫా పైన క్యాలెండర్ తగిలించి, దండెం మీద రెండు చీరలు ఆరేశాం. బావను మా ఆవిడకు అప్పగించి అక్క కూడా నాతో వచ్చింది. వంటిల్లు తనే సర్దింది.

పొయ్యి వాడినట్టు ఉండాలి, ఒక పూట వంట చేయండి అన్నాడు మస్తానన్న. అక్క ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళు మూతబడిన ఇంట్లో ఊరికే పొయ్యి ముట్టించకూడదు, ముందు పాలు పొంగించాలంది. దానికి దంపతులు పీటల మీద కూర్చోవాలి. మొగుడు రాలేని స్థితిలో ఉంటే ఆయన కండువా పీట మీద పెట్టి పని కానివ్వడం మా ఇళ్ళల్లో చూశాను. అక్క గోడ బీరువాలో మిగిలిపోయిన బావ కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి పక్క పీట మీద పెట్టింది. నాటకానికి కూడా శాస్త్రమేనా అక్కా అని నేను నవ్వాను.

ఆమె నవ్వలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడగానే పక్క పీట వైపు చూసి, "రాయ్యా, మనింట్లోకి రా" అంది. కొత్తగా గృహప్రవేశమైన రోజు కూడా ఆ మాటే అన్నదేమో, నాకు తెలీదు. పొయ్యి నేనే ఆర్పాను. కండువా అక్కడే వదిలి, తాళం వేసుకుని వచ్చేశాం.

నాలుగు రోజులకు నందికొట్కూరు నుంచి ఒక జంట ఇల్లు చూడ్డానికి వచ్చారు. మస్తానన్న తాళం తీసి వాళ్ళను లోపలికి పంపి, ఫోన్ వస్తే వీధిలో నిలబడ్డాడట. పది నిమిషాలకు వాళ్ళు బయటికొచ్చి, ఇంటాయన అమ్మనంటున్నాడు, మమ్మల్ని ఎందుకు తిప్పుతారని కోపం చేసి వెళ్ళిపోయారు. మస్తానన్న నాకు ఫోన్ చేసి, లోపల ఎవరిని కూర్చోబెట్టావని అరిచాడు. నేనూ ఊరుకోలేదు. కమీషన్ పెంచుకోవడానికి వేషాలు వేస్తున్నావా అన్నాను. రెండు వారాలు మాటల్లేవు.

రెండోసారి నేనే వెళ్ళాను. పగిడ్యాల వైపు నుంచి ఒక రిటైరైన బడి అయ్యవారు, ఆయన భార్య వచ్చారు. పగలు పదకొండు గంటలు. తాళం నా చేత్తో తీశాను. అన్ని గదులూ తిరిగాం, ఎవరూ లేరు. ఇది నేను కళ్ళారా చూసింది. ఆమె పెరట్లో బావి చూస్తానంటే తీసుకుపోయాను. అయ్యవారు పడసాలలో ఉండిపోయాడు.

మేము తిరిగొచ్చేసరికి ఆయన వాకిట్లో నిలబడి చెప్పులేసుకుంటున్నాడు. నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి మందలించాడు. జబ్బుపడిన మనిషిని వెళ్ళగొట్టి ఆ ఇల్లు కొనే పాపం తనకొద్దన్నాడు. ఎవరు సార్ అని అడిగాను. "పెద్దాయన నాయనా, సోఫాలో కూచోని ఉండాడు. నేను ఈడే ఉంటా, మీరు పోండి అన్నాడు" అని చెప్పాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో కండువా కొస తీసుకుని మూతి పక్కన తుడుచుకుంటున్నాడట.

బావకు పక్షవాతం వచ్చాక నోటి కుడి మూల నుంచి చొంగ కారేది. ఎడం చేత్తో అలాగే తుడుచుకునేవాడు. కానీ అదంతా నంద్యాల వచ్చాక పట్టిన అలవాటు. ఆళ్లగడ్డలో ఒక్క మనిషి కూడా చూసి ఉండడు.

లోపలికి పరిగెత్తాను. సోఫాలో ఎవరూ లేరు. వంటింట్లో కండువా పీట మీదే ఉంది. మడత మాత్రం అక్క పెట్టిన నాలుగు మడతలు కాదు, ఎవరో చేత్తో ఉండ చుట్టి పెట్టినట్టుంది. ముట్టుకోలేదు. భయపడ్డాను, దాచుకోవడమెందుకు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ చెప్పింది, బావ మంచం మీదే ఉన్నాడని. అరగంటగా ఎంత పిలిచినా కళ్ళు తెరవలేదట, ఇప్పుడే తెరిచాడట.

అక్కకు చెప్పకూడదనుకున్నాను. అయ్యవారి ద్వారా విన్న మస్తానన్న నోరు ఆగలేదు. ఆమె భయపడుతుందనుకుంటే, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "గొంతు ఎట్లుండాదంట? ముందర మాదిరే ఉండాదంటనా?" నాకు తెలీదన్నాను. ఆ సాయంత్రమే ఇల్లు అమ్మేది లేదంది. ఆయన్ను తీసుకుని ఆళ్లగడ్డ పోతానంది. ఆస్పత్రి ఎట్లా, ఒక్కదానివి ఎట్లా ఎత్తుతావు, పిచ్చి పట్టిందా అని కేకలేశాను. వినలేదు. ఇన్నాళ్ళకు మాట్లాడినాడు, ఆడికి పోతే మాట్లాడతాడు అన్నది ఒక్కటే.

అహోబిలం పోయే జీపు ఒకటి మాట్లాడి, వెనక పరుపు వేసి తీసుకుపోయాం. జీపులోంచి ఇద్దరం బావను దించుతుంటే ఎదురింటి ముసలామె గడపలోంచి చూసి, "ఏందప్పా, ఇంతకుముందే గదా ఆ అరుగు మీద కూచోని నన్ను పలకరిచ్చినాడు. ఎప్పుడు తీస్కపోయినారు, మల్లా ఇప్పుడే తెస్తాండారే?" అంది. ఇంటికి తాళం వేసే ఉంది. నేనే తీశాను.

ఆ ఇంట్లో బావ రెండు నెలలు కూడా బతకలేదు. అక్క ఆ రెండు నెలలూ మంచం వదల్లేదు. గంజి తాగించేది, తుడిచేది, తర్వాత చెవి ఆయన నోటి దగ్గర పెట్టుకుని కూర్చునేది. నేను పోయినప్పుడల్లా అలాగే కనపడేది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క శబ్దం కూడా చేయలేదు. మా బావ కప్పు చూస్తూనే పోయాడు.

తర్వాత ఇల్లు మళ్ళీ అమ్మకానికి పెడితే, చూడ్డానికి వచ్చిన మొదటివాళ్ళే కొనుక్కున్నారు. వాళ్ళకు ఎవరూ కనపడలేదు. ఇప్పటికీ అందులో పిల్లాపాపలతో బాగానే ఉన్నారు.

అయ్యవారు ఎవరైనా చెప్పింది విని ఊహించుకున్నాడేమో, ముసలామెకు చూపు తక్కువేమో, మస్తానన్న ఆడించిన నాటకమేమో అని ఎన్ని రకాలుగానో సర్దుకున్నాను. ఒకటి సర్దితే ఇంకొకటి నిలబడదు. అయినా నన్ను పట్టుకున్నది అది కాదు. సంవత్సరీకం అయిన మర్నాడు అక్క గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ముక్కూ మొగం తెలీనోళ్ళతో మాట్లాడినాడు గదప్పా. ఎదురింటామెను కూడా పలకరిచ్చినాడు. నాతో ఒక్క మాట ఎందుకు మాట్లాడలేదు?"

ఆమె తోమిన గిన్నెలు తీసుకుని తుడిచి బోర్లించాను. ఆమె ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ అప్పుడప్పుడు అదే అడుగుతుంది.