ఖా అంటే ఖాయం

మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ టీవీ కింద కేసెట్ల వరస చూసి, "పిల్లలకా అండీ?" అని అడిగేవారు. పిల్లలకి కాదు, నాకు. మా అమ్మాయికి పాటలూ ఫైటింగులూ ఉన్న సినిమా కావాలి. పిల్లి వెంట కుక్క పరిగెత్తే బొమ్మల సినిమా పది నిమిషాలు చూసి లేచిపోయేది. ముప్ఫై దాటిన ఆడది ఆఫీసు నుంచి వచ్చి, స్టవ్వు మీద పప్పు పడేసి, బొమ్మల సినిమా ముందు కూలబడుతోందంటే జనానికి నవ్వు రాదా? వచ్చేది. నేను పట్టించుకోలేదు. పట్టించుకునే ఓపిక ఉంటేగా.

నేను ట్రేసర్ని. ఇప్పుడా ఉద్యోగమే లేదు కాబట్టి అదేమిటో చెప్పాలి. ఇంజనీరు పెన్సిలుతో డ్రాయింగు గీస్తాడు. దాని మీద పల్చటి ట్రేసింగు కాగితం పరిచి, కింద కనిపించే ప్రతి గీతనీ పైన నల్ల ఇంకుతో దిద్దాలి. దాన్నుంచి బ్లూప్రింట్లు తీస్తారు. విశాఖలో స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. పైపులు, మెట్లు, బోల్టులు, మళ్ళీ పైపులు. గీత వంకర పోతే బ్లేడుతో మెల్లగా గీకి మళ్ళీ దిద్దాలి. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి, ఆపితే మనం ఉడుకుతాం. అలా ఏడుగురు ఆడవాళ్ళం, ఒకటే వరస, ఏడు బల్లలు. సాయంత్రానికి మెడ పక్కకి తిరిగేది కాదు. ఇంటికొచ్చాక కళ్ళు మూసుకున్నా పైపులే కనిపించేవి.

నాకు పని నేర్పింది వరసలో మొదటి బల్ల ఆవిడ. పద్మనాభం దగ్గర పల్లె. రోజూ తెల్లారగట్ల బస్సెక్కి వచ్చేది. మేం గోదావరి వాళ్ళం, మొదటి రోజు "అక్కా" అన్నాను. "అక్కా గిక్కా కాదే, అప్పా అను. మా కాడ అంతే" అంది. ఆ రోజు నుంచీ అప్పే. గీత లాగేటప్పుడు నా వీపు మీద చెయ్యి వేసి, "ఊపిరాపు పిల్లా. నీ ఊపిరి గీతలోకి ఒచ్చేత్తాది" అనేది. నిజంగానే వచ్చేసేది.

'ఖా' గుర్తు కూడా ఆవిడదే. షీటు పూర్తయి, ఇంజనీరు సరే అన్నాక, మూలన పెన్సిలుతో చిన్నగా 'ఖా' అని రాసేది. ఖా అంటే ఖాయం. ఇక ఆ షీటు మీద ఎవరూ బ్లేడు పెట్టకూడదు. ఇంజనీరు పరిగెత్తుకొచ్చి, "ఒక్క పైపు మార్చాలమ్మా" అన్నా సరే, "ఖా పడిపోనాది బాబూ. కొత్త షీటు ఎయ్యాల్సిందే" అనేది తల ఎత్తకుండా. ఆయన నసుగుతూ వెళ్ళిపోయేవాడు. మా ఏడుగురికీ కలిపి ఉన్న అధికారం ఆ ఒక్క అక్షరమే.

మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. ఓడలో వచ్చిన రేడియో ఆఫీసరొకాయన సామాను తగ్గించుకుంటూ ఒక సంచెడు వీడియో కేసెట్లు మా ఆయనకి ఇచ్చేశాడు. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ, వీడియో డెక్కు కొత్తగా కొన్నాం. కేసెట్లలో సగం అమెరికావి. అవి మన డెక్కులో వేస్తే బొమ్మ పైకి పైకి దొర్లిపోయేది. సరిగ్గా ఆడినవాటిలో ఒకటి, ఏదో విదేశీ స్టూడియో గోదాములోంచి తీసిన పాత బొమ్మల సినిమాల కేసెట్. ఆ బొమ్మలు ఎలా తయారు చేసేవారో మధ్యలో నాలుగైదు నిమిషాలు చూపించారు.

ఒక పెద్ద హాలు. వరసగా బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ఆడమనిషి, తల వంచుకుని. కింద పెన్సిలుతో గీసిన పిల్లి, పైన అద్దంలాంటి పల్చటి రేకు, రేకు మీద ఇంకు గీత. ఒకావిడ ఊపిరి బిగబట్టి పిల్లి తోక గీసింది. గీత అయ్యాక ఊపిరి వదిలింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఓరి నాయనో, ఇది మేమే! వాళ్ళు తెల్లవాళ్ళు, మేం కాదు. అంతే తేడా. వాళ్ళు దిద్దిన గీత లేచి పరిగెత్తింది, మేం దిద్దిన గీత పైపు అయిపోయి అక్కడే పడి ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో మాడిపోయిన పప్పే తిన్నారు అందరూ.

అక్కణ్ణుంచి పట్టుకుంది నాకు పిచ్చి. ఆ ఆడవాళ్ళు ఇంకెక్కడైనా కనిపిస్తారేమోనని దొరికిన ప్రతి పాత బొమ్మల సినిమా పోగేశాను. గాజువాక వీడియో షాపుల చుట్టూ తిరిగాను. పక్కింటి డెక్కు అరువు తెచ్చి, రెండూ వైరుతో కలిపి కాపీలు తీశాను. సముద్రపు గాలికి కేసెట్ లోపల టేపుకి తెల్లగా బూజు పట్టేది. మెషీన్ల పెట్టెల్లో తేమ పీల్చడానికి వచ్చే గింజల పొట్లాలు ఆఫీసు నుంచి తెచ్చి, కేసెట్లతోపాటు రేకు డబ్బాలో వేసేదాన్ని. నెలకోసారి ఒక్కోదాన్నీ ముందుకీ వెనక్కీ తిప్పాలి. ఆదివారం కాస్త నడుం వాల్చుదామంటే ఈ చాకిరీ ఒకటి. "ఏవే, పసిపిల్లల్ని పెంచినట్టు పెంచుతున్నావు వాటిని" అనేవాడు మా ఆయన. పసిపిల్లలైతే కనీసం ఎదుగుతారు. పైగా ఎన్ని చూసినా ఆ ఆడవాళ్ళు మళ్ళీ కనిపించలేదు. పిల్లులు, కుక్కలు, బాతులు, వాటిని గీసిన మనుషులు మాత్రం లేరు. ఉన్నది ఆ ఒక్క కేసెట్లోనే.

కొత్త కేసెట్ కొనడమంటే మాటలు కాదు కాబట్టి నచ్చనివాటి మీద మళ్ళీ ఎక్కించేసేవాళ్ళం. ఉంచాల్సినవాటికి వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే, దాని మీద ఇక రికార్డు కాదు. అలా విరిచి, పైన అట్ట మీద నేను రాసుకున్న గుర్తు ఏమిటో వేరే చెప్పాలా? 'ఖా'.

ఇంతలో అప్ప కళ్ళు మసకబారాయి. పొర అయితే తీసేసేవారు. పొర కాదట, లోపల నరం ఎండిపోతోందట. ఆఫీసులో తెలిస్తే పంపించేస్తారని సన్న గీతలున్న షీట్లు మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల మీదకి జరిపేది. నావి నేను చేసుకోలేక చస్తుంటే ఇవొకటి. విసుక్కున్నాను కూడా, అబద్ధం ఎందుకు. విసుక్కుంటూనే చేశాను. రిటైరయ్యే నెలలో ఒకరోజు డబ్బా మూత తీసి, అన్నం కలపకుండా అలాగే కూర్చుంది.

"ఏటి సేసినానే ఇన్నాళ్ళూ? ఎవుడో గీసినదాని మీద గీసినాను. నాదని ఒక్క గీత నేదు" అంది.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కేసెట్లో ఆడవాళ్ళ సంగతి చెప్పాను. హాలూ, బల్లలూ, ఊపిరి బిగబట్టడం, పిల్లి తోక, అన్నీ చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది.

"మనలాటోళ్ళు ఉన్నారా? నిజిమేనా? నాకు సూపించీ పిల్లా. ఇంకా మసకమసగ్గా ఆనతంది. ఇదీ పోకముందే సూపించీ."

"వచ్చే ఆదివారం" అందామనుకున్నాను. ఆ వారమే మా ఆడపడుచు పెళ్ళి. "పెళ్ళి అయిపోయాక వచ్చే ఆదివారం అప్పా, తప్పకుండా" అన్నాను. మర్చిపోకూడదని ఆ కేసెట్ రేకు డబ్బాలోంచి తీసి డెక్కు మీద పెట్టుకున్నాను.

పెళ్ళి పనులు మా మరిది చూస్తున్నాడు. పోర్టులో రైలు యార్డులో పని అతనికి. మంచివాడు, తొందర మనిషి. ముహూర్తం రోజు పొద్దున్న నేను పసుపు చేతులతో ఏదో దంచుతుంటే గుమ్మంలోంచి కేకేశాడు. "వదినా, వీడియో అతను కేసెట్లు చాలవంటున్నాడు. ఖాళీవి పట్టుకెళ్తున్నా!"

ఇంట్లో ఖాళీ కేసెట్లు నిజంగానే రెండున్నాయి. "ఊఁ" అన్నాను. తల తిప్పి చూడలేదు. నాలుగు రోజులుగా నిద్ర లేదు నాకు.

పెళ్ళయిన మూడోనాడు, డెక్కు మీద కేసెట్ లేకపోతే మరిదిని అడిగాను. నవ్వుతూ తెచ్చిచ్చాడు. వెనక విరిచిన చోట సెల్లో టేపు అంటించి ఉంది. దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యాలంటే అదే కిటుకు.

"దీని మీద ఎక్కించావా?"

"మరి ఖా అని రాసి ఉంది కదా వదినా!"

"ఖా అంటే ఖాయం!"

అతను తెల్లమొహం వేశాడు. "మా యార్డులో సరుకు దించేసిన వేగన్ మీద సుద్దతో ఖా అని రాస్తాం. ఖా అంటే ఖాళీ."

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. మా మరిది నిజంగానే పిల్లిని చంకన పెట్టుకు వెళ్ళాడు, వెళ్ళి అక్కడ చంపి తెచ్చాడు. అతని మీద అరిచాను. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అతననేముంది, 'ఊఁ' అన్నది నేను కాదూ? ఆ పూట అన్నం సయించలేదు. కేసెట్ మొత్తం వేసి చూశాను. మొదట్నుంచీ పెళ్ళి. తాళి, తలంబ్రాలు, భోజనాలు. ఆ తర్వాత కాసేపు చుక్కలు చుక్కలుగా వచ్చి, చివర్లో పది నిమిషాలు పాత బొమ్మ మిగిలింది. ఒక కుక్క ఎముక కోసం పరిగెడుతూ ఉంటుంది. ఆడవాళ్ళు లేరు.

సోమవారం నుంచి శనివారం దాకా అప్పకి చెప్పాలనే అనుకున్నాను. ఆవిడ రోజూ వేళ్ళు మడిచి చూపించేది, ఇంకా ఐదు రోజులే, నాలుగు రోజులే అని. నేను చెప్పకుండా నా షీటు మీదకి వంగేదాన్ని.

ఆదివారం పదింటికల్లా వచ్చేసింది. పద్మనాభం నుంచి తగరపువలస, అక్కణ్ణుంచి విశాఖ, మళ్ళీ గాజువాక బస్సు. బోర్డులు కనిపించక ప్రతి బస్సూ అడిగి అడిగి ఎక్కిందట. ఉతికి గంజి పెట్టిన చీర, సంచిలో నాకోసం ములక్కాడలు. "మంచినీళ్ళు తర్వాత తాగుతాన్లే. ముందు ఎయ్యి" అని పీట లాక్కుని టీవీకి జానెడు దూరంలో కూర్చుంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ జానెడు దూరం చూసి మూసేశాను. కనీసం ఆ కుక్కనైనా చూపిద్దాం, ఆడవాళ్ళున్న చోట టేపు పాడైందందాం అనుకున్నాను. పెళ్ళి సన్నాయి వినపడకుండా సౌండు పూర్తిగా తగ్గించి, టేపు ముందుకి తిప్పాను. ఎక్కడ ఆపుతున్నానో చూసుకోలేదు. ఆపి, ప్లే నొక్కాను.

భోజనాల బంతి. పొడుగాటి బల్లలు, వాటి వెనక వరసగా ఆడవాళ్ళు. తలలు వంచుకుని ఉన్నారు. ముందు విస్తళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. విస్తళ్ళ మీద కుడిచేతులు మెల్లగా కదులుతున్నాయి.

ఆపేద్దామని వేలు పెట్టాను.

"ఆగాగు!" అంది అప్ప. మొహం గాజుకి ఆనించేసింది. "ఈళ్ళేనా?"

నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

"ఈళ్ళేనా పిల్లా?"

"ఆఁ అప్పా. వీళ్ళే."

"ఓలమ్మ ఓలమ్మ, ఎంతమందే! ఒక్కర్తీ తలెత్తట్నేదు సూడు." వేలితో గాజు మీద ఒక్కొక్కళ్ళనే తడుముతోంది. "ఆ నిలబడినోడు ఎవుడు? ఇంజనీరా?"

సాంబారు బకెట్టుతో వడ్డించే మనిషి. "ఆఁ, ఇంజనీరే."

"ఏ దేశిమైనా ఆడు నిలబడే ఉంటాడు" అని నవ్వింది. ఆవిడ అలా నవ్వగా అంతకు ముందు నేను చూడలేదు. వేలు ఇంకాస్త జరిగి ఆగింది. "ఈ మూడో ఆవిడ అచ్చం నీనాగే వొంగింది. పాపం, ఎంత అలిసిపోనాదో."

మూడో ఆవిడ నేనే. పెళ్ళిపనులన్నీ అయ్యాక ఆఖరి బంతిలో కూర్చుని, ఏం తింటున్నానో తెలీకుండా అన్నం కలుపుతున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెబుతున్నందుకు సిగ్గేసింది, చెప్పకపోతే ఆవిడ ఏమైపోతుందో అని భయమూ వేసింది.

బంతి అయిపోయింది, ఆడవాళ్ళు లేచారు. టేపు ఆపాను. అప్ప కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నన్ను చూసి కాదు, నా గొంతు వినిపించిన దిక్కుని బట్టి ఇటు తిరిగింది.

"దీని మీద ఖా ఏసినావా? మళ్ళీ ఎవులూ సెరిపీరు గదా?"

"వేశాను అప్పా. ఎవరూ చెరపరు" అని, టేపు వెనక్కి తిప్పి, ఆ బంతిని మళ్ళీ మొదట్నుంచి వేశాను.