జానెడు ముగ్గు

మా ఆయనకి నా మీద ప్రేమ పొంగినప్పుడల్లా నాకేదో ఒక శిక్ష పడుతుంది. ఈసారి నా రక్తపోటు పెరిగిందని డాక్టరు అన్న మాట పట్టుకుని, కోట ఊరు దాటాక సముద్రం వైపు కొత్తగా పెట్టిన జపాన్ తోట, ధ్యాన కేంద్రంలో ఒక రోజుకి నా పేరు రాయించాడు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, గొంతూ కోపమూ రెండూ పెద్దవే. పైగా నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మౌనం పాటించే చోట దించేసి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

కారు దిగగానే రొయ్యల గుంటల కంపు ముక్కు పగలగొట్టింది. చుట్టూ గుంటలే. మధ్యలో ఒకదాన్ని పూడ్చి ఈ తోట వేశారు. వెదురు తడికెల అవతల గుంటల్లో నీళ్ళు చిలికే మిషన్ల మోత. ఆ మోత వినపడకుండా ఇవతల చెట్ల కింద స్పీకర్లు పెట్టి వాటిలోంచి సెలయేరు పారిస్తున్నారు. ఒక ఎండు మోడుకి గులాబీరంగు ప్లాస్టిక్ పూలు తీగతో కట్టారు. కొలనులో ఎర్ర చేపలు బాగా బలిసి, మేత కోసం నోళ్ళు తెరుచుకుని ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి.

తెల్ల పైజమా వేసుకున్న మేనేజరు చేతులు జోడించి తోటంతా తిప్పి చూపించాడు. ధ్యానమందిరం ముందు పెద్ద వాకిలి నిండా తెల్ల గులకరాళ్ళు పరిచి, వాటి మీద దువ్వెనతో దువ్వినట్టు గీతలు గీశారు.

"ఇది సముద్రం మేడం. ఈ గీతలు అలలు," అన్నాడు.

"అసలు సముద్రం ఆ గోడ వెనకాలే ఉంది కదా నాయనా?"

"అది కనబడకూడదనే గోడ కట్టాం మేడం."

చుట్టుపక్కల ఊళ్ళలో బావులు ఉప్పగా మారిపోయి జనం క్యాన్ల నీళ్ళు మోసుకుంటుంటే, ఇక్కడ రాళ్ళని చూసి నీళ్ళనుకోవాలట. నాకు నవ్వు రాలేదు, రోత పుట్టింది. తర్వాత గిన్నెలో పచ్చటి టీ ఇచ్చారు. గడ్డి కడిగిన నీళ్ళలా ఉంది. పక్కనున్న నెల్లూరు నగల షాపు ఆవిడ దాన్ని కళ్ళు మూసుకుని తాగి "ఆహా" అనింది.

మందిరంలో చాపల మీద కూర్చోబెట్టి గంట కొట్టారు. ఇక మధ్యాహ్నం దాకా ఎవరూ మాట్లాడకూడదు. పావుగంటకి నా మోకాళ్ళు, అరగంటకి నా నోరు మొరాయించాయి. బాత్రూమ్ వంకతో లేచి పక్క గుమ్మంలోంచి బయటపడ్డాను.

అక్కడ ఒక మనిషి పళ్ళున్న పొడవాటి చెక్కతో గులకరాళ్ళ మీద గీతలు దిద్దుతోంది. నలభై ఏళ్ళుంటాయి. వెనక్కి నడుస్తూ గీస్తోంది, తన అడుగులు తానే చెరుపుకుంటూ. నేను చూస్తున్నానని తెలిసి ఆగింది. మేనేజరు గర్వంగా చూపించిన అలలన్నీ ఈమె చేతివేనన్నమాట. ఏ ఊరని అడిగాను. చిట్టమూరు వైపు ఒక పల్లె పేరు చెప్పింది. గుసగుసగా మొదలుపెట్టి కాసేపటికి మామూలుగానే మాట్లాడుకున్నాం.

"ఇంతకుముందు రొయ్యల కంపెనీలో తలలు తీసేదాన్నక్కా. ఐసులో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ళు కుళ్ళిపోయినాయి. అన్నం కూడా కలుపుకోలేకపోతే నా కూతురు తినిపించేది. ఇక్కడికొచ్చినాకే నా చేతులు చేతులైనాయి," అని అరచేతులు రెండూ చాచి చూపించింది. బాగు చేయించుకున్న వస్తువును చూపించినట్టు చూపించింది.

ఈ తోటలో నాకు నచ్చినవి ఆ చేతులే. ఆ మాటే అన్నాను. ఆమె సిగ్గుపడి, నన్ను గుమ్మం పక్కకి రమ్మంది. నల్లరాతి మెట్టు చివర ఒక కుండీ ఉంది. దాన్ని జరిపింది. కుండీ చాటున జానెడు ముగ్గు. చుక్కలు పెట్టి, చుట్టూ మెలికలు తిప్పి, శుభ్రంగా వేసింది.

"ఇంతలేసి వాకిలి, ఒక్క చుక్క లేదు. శవాన్ని ఎత్తుకపోయిన ఇల్లు మాదిరి ఉండాది. నా కూతురు తొలికాన్పుకి ఇంటికొచ్చుండాదక్కా, నెలలు నిండినాయి. పొద్దన్నే లేచి ముగ్గులేని వాకిట్లో అడుగు పెట్టాలంటే నాకు గుండె దడ. అందుకని ఇక్కడ ఇంత పెట్టుకుంటుండా. ఆ అయ్యకి తెలిస్తే పని పోతాది. మళ్ళీ ఆ ఐసులోకి పోవాల్సిందే. ఎవురికీ చెప్పబాకక్కా."

"నేనెందుకు చెప్తాను?" అన్నాను.

సాయంత్రం అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి అనుభవాలు చెప్పమన్నారు. ఒకాయన తన లోపల ఖాళీ కనబడిందన్నాడు. నగల షాపు ఆవిడకి ఆ రాళ్ళలో అలలు కదిలాయంట, కన్నీళ్ళు కూడా తుడుచుకుంది. మేనేజరు తల ఊపుతున్నాడు. ఒకరిని మించి ఒకరు పూనకం తెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నా వంతు వచ్చింది.

"నాకు ఏ ఖాళీ కనబడలేదు. రొయ్యల కంపు తప్ప ఏమీ తెలియలేదు. ఇక్కడ మనసుపెట్టి చేసిన పని ఏదన్నా ఉందంటే ఆ పక్క గుమ్మం దగ్గర వేసిన ముగ్గొకటే," అన్నాను.

"ముగ్గా? ఏ ముగ్గు మేడం?"

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మాట వెనక్కి మింగుదామంటే అప్పటికే అందరూ లేచారు. కుండీ జరిపారు. నగల షాపు ఆవిడ "ఎంత ముద్దుగా ఉందో" అనింది. మేనేజరు నవ్వుతూనే ఉన్నాడు. ఎవరినో పిలిచి బకెట్టు నీళ్ళు తెమ్మన్నాడు.

"ఉండనివ్వండి, పోనీ నేనే వేశాననుకోండి," అన్నాను.

"ఈ తోట అందమంతా ఖాళీలోనే ఉంది మేడం," అని నీళ్ళు పోయించాడు. ముగ్గు పాలలాగా మెట్టు మీంచి జారిపోయింది. ముగ్గు వేసినామె ఆ ఛాయల్లో లేదు, మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయిందట. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మూడు వారాలు తిన్నది ఒంటబట్టలేదు. ఆ కేంద్రానికి ఫోన్ చేస్తే, ఆమె మానేసిందని చెప్పారు. మానేయడమేంటి, మాన్పించి ఉంటారు. ఆదివారం పూట బస్సెక్కి చిట్టమూరు వైపు వెళ్ళాను, తప్పు ఒప్పుకుందామనే. బిడ్డకి రెండు గౌన్లు కూడా కొన్నాను. ఒట్టి చేతులతో క్షమాపణ అడగడానికి నాకు ధైర్యం లేదు మరి.

ఆమె చెప్పిన పల్లెలో దిగి, అవే మెలికలున్న ముగ్గును బట్టి ఇల్లు పోల్చుకున్నాను. వాకిలంతా నిండిపోయేలా వేసి ఉంది. నన్ను చూడగానే "ఓయమ్మా, టీచరక్క!" అంటూ పరుగెత్తుకొచ్చి కుర్చీ వేసింది. మనవరాలు పుట్టిందట. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పెట్టేటప్పుడు చూశాను ఆ చేతులు. చర్మం తెల్లగా నాని, వేళ్ళ సందులు ఒరిసిపోయి, గోళ్ళ చుట్టూ పుండ్లు. రొయ్యల వాసన. నా ముక్కు దానంతటదే ముడుచుకుంది. ఎవరి పుణ్యమా అని ఆ వాసన వస్తోందో తెలిసి కూడా ముడుచుకుంది, దరిద్రపు ముక్కు.

ఆమె కూతురు పళ్ళెంలో అన్నం కలిపి తెచ్చి, తల్లికి ముద్దలు పెట్టింది. ఆమె నమిలి మింగి, నా వైపు తిరిగింది.

"అదెట్ట తెలిసిందో అక్కా ఆ అయ్యకి. ఆ కుండీ ఎవురూ జరపరు. ఆ దినం నువ్వు ఆడే ఉంటివి గదా, ఎవురు చెప్పినారో నీకేమన్నా తెలుసునా?"

ఆమె కళ్ళలో అనుమానం రవ్వంత కూడా లేదు. నేను ఒళ్ళో ఉన్న పసిదాని గౌను సర్దుతూ కూర్చున్నాను. ఆ రోజు మాత్రం నా నోట్లో నువ్వుగింజ నానింది.