టైలరమ్మకు ముఖాలు గుర్తుండవు

ఆ వీధిలో అందరూ ఆమెను ‘టైలరమ్మా’ అనే పిలిచేవాళ్ళు. ఆమె అటు తిరగ్గానే మాత్రం ‘కళ్ళు నెత్తికెక్కిన మనిషి’ అనేవాళ్ళు. నిన్న అరగంటసేపు కొలతలిచ్చిన మనిషి ఈరోజు బజార్లో ఎదురుపడి నవ్వితే, గోడను చూసినట్టు చూసి వెళ్ళిపోయేది మరి. ఒకసారి బస్టాపులో సొంత ఆడపడుచు పక్కనే పావుగంట నిలబడి పలకరించలేదు. ఆడపడుచు ఆరేళ్ళపాటు ఆ ఇంటి గడప తొక్కలేదు.

చూపుకు లోటేమీ లేదు. ఎంత సన్నని సూదిలోనైనా దారం ఎక్కించగలదు. ముక్కూ నోరూ కళ్ళూ విడివిడిగా బాగానే కనిపించేవి. అవన్నీ కలిసి ఫలానా మనిషని మనసులో నిలిచేవి కావు. లోకమంతా శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటోంది, తనకే బుద్ధి తక్కువ అనుకునేది. అందుకే చిన్నప్పటినుంచీ నడకలూ గొంతులూ భుజాల వాలూ బట్టీ పట్టింది. షాపు మెట్ల మీద అడుగు పడితే చాలు, తలెత్తకుండానే వచ్చిందెవరో చెప్పేసేది. బజారు గోలలో ఆ విద్య పారేది కాదు.

లెక్కల మాస్టారు ఇరవై ఏళ్ళుగా ఆమె దగ్గరే చొక్కాలు కుట్టించుకునేవారు. ఒకరోజు ఆయన మెట్లెక్కుతుంటే ఆమె మిషను ఆపేసింది. తెలిసిన అడుగు కాదది, ఎడమకాలు ఈడుస్తున్న చప్పుడు. గొంతు విన్నాకగానీ ఆయనేనని నమ్మకం కుదరలేదు.

“మాస్టారూ, ఎడమకాలికి దెబ్బేమైనా తగిలిందా?”

“లేదే!”

“ఓసారి గుమ్మందాకా నడిచి రండి.”

నడిచారు. కుడిచెయ్యి ఊగుతోంది. ఎడమచెయ్యి ఒంటికి అంటుకుపోయినట్టు కదలకుండా ఉంది.

“ముందు డాక్టరుకి చూపించుకోండి. చొక్కా తర్వాత కుడతాను.”

“వయసు తల్లీ, వయసు! దానికి డాక్టరేం చేస్తాడు?”

“మీరు చూపించుకొచ్చేదాకా నేను కత్తెర పట్టను.” బట్ట మడిచి ఆయన చేతిలోనే పెట్టేసింది.

అలిగినట్టే వెళ్ళారుగానీ, వెళ్ళారు. మెదడులో కదలికలను నడిపించేచోట జబ్బు మొదలైందని నరాల డాక్టరమ్మ తేల్చింది. ఇంత తొందరగా ఎవరు పసిగట్టారని అడిగి, ‘మా టైలరమ్మ’ అన్న జవాబు విని, ఆమెను తీసుకురమ్మంది.

“నాకు ముఖాలు గుర్తుండవండీ, అందుకే నడకలు చూస్తాను” అని టైలరమ్మ మొహమాటంగా చెప్పింది. డాక్టరమ్మ ఆమె ఇంటినుంచే కొన్ని ఫొటోలు తెప్పించి, జుట్టూ బట్టలూ కనబడకుండా కాగితం అడ్డం పెట్టి చూపించింది. భర్త ఫొటో చూసి ఎవరో తెలీదంది. చివరిది చూసి, “ఎవరో పాపం, బాగా అలిసిపోయినట్టున్నారు” అంది.

“అది మీరేనమ్మా.”

టైలరమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

“ముఖాల్ని గుర్తుపట్టడానికి మెదడులో వేరే ఏర్పాటుంటుంది. కొందరికి పుట్టుకతోనే అది సరిగా పనిచేయదు. మందు లేదు. కానీ మీ తప్పు ఇసుమంతైనా లేదు. మేం ఏళ్ళ తరబడి చదివి పట్టుకునేదాన్ని మీరు మెట్ల మీదే పట్టేశారు.”

“అయితే నాది పొగరు కాదన్నమాట” అంది ఆమె. యాభై రెండేళ్ళు మోసిన మాట అది.

ఆస్పత్రి నుంచి తిన్నగా ఆడపడుచు ఇంటికే వెళ్ళింది.

“ఆరోజు నువ్వని నాకు తెలీలేదమ్మాయ్. నీ ముఖమేంటి, నా ముఖమే నాకు తెలీదట!”

ఆడపడుచు ముందు నమ్మలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా విన్నాక నెత్తి కొట్టుకుంది. “నేనొక్కసారి దగ్గినా ఆరేళ్ళు కలిసొచ్చేవి కదా వదినా!” ఇద్దరూ నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వారు.

మందులు వాడుతున్నా, రెండేళ్ళకు మాస్టారి వేళ్ళు మొరాయించాయి. గుండీలు పెట్టుకోలేక, భార్య పెడుతుంటే చిన్నబోయేవారు. టైలరమ్మ ఆ సంగతి ఎత్తకుండా ఒక చొక్కా కుట్టింది. పైకి మామూలు గుండీలే. కింద మాత్రం నొక్కితే అతుక్కునే పట్టీ. షాపు అద్దం ముందు మాస్టారు దాన్ని తనంతట తనే వేసుకున్నారు. కాలరు సర్దుకుని, “ఇలాంటివి ఇంకో నాలుగు కుట్టు తల్లీ, బడికి వేళవుతోంది” అన్నారు.